నలుగురు సభ్యుల ఇల్లు

ఏలూరులో లక్ష్మీదుర్గ గారి ఇంట్లో కార్బన్ తగ్గించడం మొదలైన వారానికి పనిమనిషి మరియమ్మ కుడి భుజం పట్టేసింది.

కాలనీ మహిళా మండలి వాళ్ళు 'పచ్చని ఇల్లు' అని ఒక పోటీ పెట్టారు. కరెంటూ గ్యాసూ పెట్రోలూ ఎవరు బాగా తగ్గిస్తే వాళ్ళ గేటుకి ఒక పచ్చ పలక బిగిస్తారు. పోయినేడాది ముగ్గుల పోటీలో మొదటి బహుమతి ఎదురింటి వెంకటనరసమ్మ గారు పట్టుకుపోయారు. ఆ సంగతి లక్ష్మీదుర్గ గారికి ఇంకా మింగుడు పడలేదు. ఈ పలక మాత్రం తన గేటు దాటి పోకూడదని కంకణం కట్టుకున్నారు.

మొదట వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేశారు. "మన పెద్దవాళ్ళు మెషీన్లు చూశారా మరియమ్మా? చేత్తో ఉతికిన బట్ట తెలుపే వేరు," అన్నారు. తర్వాత మిక్సీ అటకెక్కింది, పెరట్లో మూలపడిన రుబ్బురోలు కడిగించారు. స్నానాల గదిలో నీళ్ళు వృథా కాకూడదని బకెట్లతో మేడ మీది మొక్కలకి మోయించారు. ఆలోచన ఆవిడది, మోత మరియమ్మది.

ఏసీ జోలికి మాత్రం పోలేదు. భర్త గంగాధరరావు గారికి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి. పొద్దంతా గట్ల మీద తిరిగొచ్చిన మనిషి చల్లగా పడుకోవద్దూ? ఆ చెరువుల్లో గాలి కోసం ఆగకుండా తిరిగే ఏరేటర్ల సంగతి ఎవరైనా ఎత్తితే, "అది వ్యాపారమండీ, ఇల్లు కాదు," అని లక్ష్మీదుర్గ గారు తేల్చేసేవారు. రైతు బజారుకి గుడ్డసంచీ తగిలించుకుని నడిచే వెళ్ళేవారు. వెనకాలే కారు మెల్లగా వచ్చేది, తిరుగు ప్రయాణంలో ఎండ కదా. సంచీలు కూడా ఇంట్లో ఉన్నవి కావు. వాటిని పారేయించి, తన పేరు అచ్చు వేయించిన కొత్తవి యాభై కుట్టించారు.

మరియమ్మది కొల్లేటి గట్టు మీద పల్లెటూరు. పొద్దున్నే ఆటో ఎక్కి ఏలూరు వస్తుంది. భుజం పట్టేశాక ఒంటిచేత్తో దుప్పట్లు పిండలేక కూతురు రూబీని వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టింది. రూబీ పదో తరగతి పరీక్షలు రాసేసింది. ఇంకో పన్నెండు రోజుల్లో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. లెక్కల పుస్తకం రోజూ తెచ్చుకునేది గానీ తెరిచే తీరిక ఉండేది కాదు. పప్పు రుబ్బుతూ సూత్రాలు మనసులో చెప్పుకుంటే సగంలోనే ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి.

"మెషీన్ పెట్టమని అడగొచ్చు కదే అమ్మా," అంది ఒకరోజు.

"అడిగితే ఇంకో మనిషిని చూసుకుంటారు. కొత్తదానికి కార్బనంటే ఏంటో తెలియక్కర్లేదు, భుజాలుంటే చాలు."

"నువ్వడగవు. నాకేమో నోరు పెగలదు. బాగానే కుదిరాం ఇద్దరం."

"నా మీదకైతే ఎంత నోరో చూడు!" అంది మరియమ్మ.

నిజంగానే రూబీకి పైవాళ్ళ ముందు మనసులో మాట పైకి వచ్చేది కాదు. చేతిరాత మాత్రం గుండ్రంగా, అచ్చులా ఉంటుంది. అది చూసి లక్ష్మీదుర్గ గారు పోటీ ఫారం ఆ పిల్ల చేత నింపించారు.

"ఇంటి సభ్యులు ఎంతమందని ఉందండి. ఇద్దరని రాయనా?"

ఆవిడ ఫారం అందుకుని చూశారు. వాడకాన్ని మొత్తం సభ్యులకి పంచి, తలకింత అని తేలుస్తారట. ఇద్దరికి పంచితే ఆ ఏసీలకి తల బరువెక్కిపోతుంది.

"నలుగురని రాయి."

"ఇంకో ఇద్దరెవరండి?"

"మీ అమ్మా, నువ్వూ! మీరేమన్నా పరాయివాళ్ళా? మా ఇంటి మనుషులే కదా."

ఆ ఇంటి మనుషులు టీ తాగడానికి పెరటి గూట్లో రెండు గ్లాసులు విడిగా ఉన్నాయి. రూబీ ఒకసారి గూటి వైపు చూసి, నాలుగు అని రాసింది.

శనివారం తనిఖీకి కాలేజీ లెక్చరర్ ప్రసన్న గారు వచ్చారు. మండలి కార్యదర్శినంటూ వెంకటనరసమ్మ గారు కూడా వచ్చి సోఫాలో కూర్చున్నారు. ప్రసన్న గారు అన్నీ చూసి, మార్కులు వేసి, చివరి కాగితం తిప్పారు.

"చివరి ప్రశ్నకి ఇంట్లో ఎవరికి వాళ్ళే జవాబు చెప్పాలండీ. మిగతా ముగ్గురినీ పిలుస్తారా?"

"ఆయన చెరువుల మీదకెళ్ళారండి."

"ముగ్గురేంటి వదినగారూ? చుట్టాలెవరైనా దిగారా?" అన్నారు వెంకటనరసమ్మ గారు.

లక్ష్మీదుర్గ గారు గొంతు సవరించుకున్నారు. "మా మరియమ్మా, వాళ్ళమ్మాయీ అండి. ఇంటి మనుషుల్లాగే చూసుకుంటాను."

"ఎంత మంచి మనసు వదినగారూ! అయితే పిలిచి కూర్చోబెట్టండి. ఇంటి మనుషుల్ని నిలబెట్టి అడుగుతామా?"

మరియమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి సోఫా అంచున కూర్చుంది. ఆరేళ్ళుగా దులుపుతున్న సోఫా ఇంత లోతుకి దిగుతుందని ఆమెకి ఆరోజే తెలిసింది. రూబీ పక్కన ఒదిగింది.

"ఈ కొత్త అలవాట్లతో మీకు పని పెరిగిందా, తగ్గిందా అమ్మా?" అని అడిగారు ప్రసన్న గారు.

మరియమ్మ లక్ష్మీదుర్గ గారి మొహంలోకి చూసింది. "ఏదో, దేవుడి దయండి."

"పెరిగిందా?"

"అమ్మగారికి తెలుసండి."

ప్రసన్న గారు రూబీ వైపు తిరిగారు. రూబీ నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనే అమ్మ కుడిచెయ్యి ఒళ్ళో వేలాడేసినట్టు పడి ఉంది. రూబీ కాగితం లాక్కుని, కలం తీసుకుని గబగబా రాసి ఇచ్చేసింది. ప్రసన్న గారు పైకే చదివారు.

"'అమ్మకి రోజుకి మూడు గంటల పని పెరిగింది. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. నాకు ఇంకో అయిదు రోజుల్లో పరీక్ష ఉంది. చదవలేదు.'"

"మూడు గంటలా!" అన్నారు వెంకటనరసమ్మ గారు. సొంత అత్తగారు పోయినప్పుడు కూడా ఆవిడ అంత బాధపడగా ఎవరూ చూడలేదు.

"నాతో ఒక్క మాట చెప్పొద్దా మరియమ్మా? నేనేమన్నా రాక్షసినా? ఈ పూటే మెషీన్ పెట్టేసుకో!"

"అయితే మెషీన్ మార్కులు కొట్టెయ్యాలండీ," అన్నారు ప్రసన్న గారు.

లక్ష్మీదుర్గ గారు కాగితాన్ని చూశారు, ఎదురింటావిడ చిరునవ్వునీ చూశారు. మార్కులు ఉంచుకుంటే సాయంత్రానికల్లా కాలనీ అంతా ఈ మూడు గంటలే చెప్పుకుంటుంది.

"కొట్టెయ్యండి," అన్నారు పళ్ళ సందుల్లోంచి.

"మిక్సీ?"

"అదీను."

"బకెట్లు?"

"అన్నీ కొట్టెయ్యండి!"

ప్రసన్న గారు అక్కడే కూడి చూశారు. పలక వెంకటనరసమ్మ గారికే. ఆ నెలలో వాళ్ళ మీటరు దాదాపు తిరగలేదు. తిరగడానికి ఆవిడ ఇంట్లో ఉంటేగా! తాళం పెట్టి, ఇరవై రోజులు తాడేపల్లిగూడెంలో కూతురింట్లో, రెండు ఏసీల కింద ఉండొచ్చారు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక లక్ష్మీదుర్గ గారు గేటు ధడేల్మని వేసి వచ్చారు. మరియమ్మని మాన్పించడానికి వీల్లేకపోయింది. ఇంటి మనిషని ఇప్పుడే ఊరికి చాటారు కదా. కోపం తీర్చుకోవడానికి రూబీ ఒక్కతే దొరికింది.

"రాత బాగానే నేర్చుకున్నావ్! రేపట్నుంచి నువ్వీ గడప తొక్కక్కర్లేదు. తెలిసిందా?"

"అలాగేనండి," అంది రూబీ వెంటనే. ఆ రోజు ఆ ఇంట్లో ఆమె పైకి అన్న మాట అదొక్కటే.