మా ఆయన మెడ కొలతలు

మా ఆయన టైలరు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మెడలు కొలిచిన మనిషి. ఎవరి కాలరు సైజు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మా పెళ్ళిరోజు ఎప్పుడని అడిగితే మాత్రం గోడమీది క్యాలెండరు వైపు చూస్తారు. అలాంటి మనిషి తన మెడ తాను కొలుచుకోవడం నేను ఈ ఏడాదే చూశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఖాళీ క్యారేజీ తెచ్చుకుందామని కొట్టుకి వెళ్ళాను. ఆయన అద్దం ముందు నిలబడి, కుడి చెవి కింద టేపు పెట్టి, దాన్ని దవడ కింద నుంచి గడ్డం దాకా లాగి చూసుకుంటున్నారు.

"ఏమండీ, మీకు మీరే చొక్కా కుట్టుకుంటున్నారా?" అన్నాను.

ఉలిక్కిపడి టేపు జేబులో కుక్కేశారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఏదైనా దాస్తే నాకు దొరక్కుండా పోయిందెప్పుడు? గడ్డం పట్టుకుని పైకెత్తాను. కుడి దవడ కింద పెద్ద గోలీ అంత వాపు. ముట్టుకుంటే గట్టిగా ఉంది.

 రెండేళ్ళ క్రితం మా బావగారికి, అంటే ఈయన అన్నగారికి, మెడమీద ఇలాగే లేచింది. "పంటి వాపులే, అదే పోతుంది" అంటూ ఆయన నెలలు దొర్లించారు. చివరికి పోయింది వాపు కాదు, ఆయనే. ఆ మాట నాకూ గుర్తొచ్చింది, మా ఆయనకీ గుర్తొచ్చింది. ఇద్దరం పైకి అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి లాక్కెళ్ళాను. ఆస్పత్రి సంగతుల్లో మా ఇంట్లో నా మాటే చెల్లుతుంది. పరగడుపున వెళ్ళాలన్నది నేను పెట్టిన నియమం. తిని వెళితే "రక్తపరీక్షకి రేపు రండి" అని తిప్పుతారు, మరో రోజు దండగ. అందుకని ఆయనకి కాఫీ కూడా ఇవ్వకుండా తీసుకెళ్ళాను.

ఆ డాక్టరు మెడంతా తడిమి చూసి, "వాపేం లేదమ్మా" అన్నారు. నేనూ తడిమాను. నిజంగానే లేదు. సంబరపడి ఇంటికొచ్చి భోజనం పెట్టానో లేదో, మళ్ళీ లేచి కూర్చుంది.

రెండో వారం ఇంకో పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడ కుర్ర డాక్టరు చూశాడు. మెడ నున్నగా ఉంది. "వాచినప్పుడు రండి" అన్నాడు. అదేమన్నా చెప్పి వస్తుందా, చుట్టమా? పోలీసు రాగానే గోడ దూకి పారిపోయే దొంగలా ఉంది ఆ గడ్డ వరస. మా ఆయనకి నామోషీ వేసింది. "ఇంక ఏ ఆస్పత్రికీ రాను. లేని రోగం ఉందని చెప్పుకుంటున్నాననుకుంటున్నారు" అని తేల్చేశారు.

అనడం అన్నారు గానీ, ఆయన భయం మాత్రం ఆయన్ని వదల్లేదు. కొలతలు రాసుకునే పుస్తకంలో ఒక పేజీ తన మెడకి కేటాయించి రోజుకి నాలుగుసార్లు కొలిచి రాసుకుంటున్నారు. నేను చూడలేదనుకున్నారు. ఇంకోరోజు నేను కొట్టులో తెర వెనకాల గుండీలు కుడుతుంటే, ఎవరో వచ్చి చలికాలానికి కోటు కుట్టాలన్నారు. చలికాలం అంటే ఇంకా ఆరు నెలలుంది. మా ఆయన చేతిలో టేపు చుట్టేస్తూ, "అప్పటి సంగతి ఇప్పుడు మాటివ్వలేను బాబూ, వేరే చోట చూసుకోండి" అన్నారు.

నా చేతిలో సూది అలాగే ఆగిపోయింది. ఈ మనిషి తాను చలికాలం దాకా ఉండననుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. 

ఆ రోజు నుంచి నా నోరు నేనే కట్టేసుకున్నాను. నన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు. తడి తువ్వాలు మంచమ్మీద పడేస్తే తీసి ఆరేశాను, పల్లెత్తు మాటనలేదు. గుండుసూదులు నేలమీద వదిలేస్తే ఒకటి నా కాలికే గుచ్చుకుంది. తీసేసి, ఆయన వైపు చూసి నవ్వాను కూడా! ఉన్నన్నాళ్ళూ మనశ్శాంతిగా ఉండనీ అనుకున్నాను. మూడు నెలలు అలా గడిచాయి. బతిమాలి, ఒట్లు పెట్టి, ఆఖరికి "నా తృప్తి కోసం రండి" అని మూడో ఆస్పత్రికి ఒప్పించాను. యథాప్రకారం పరగడుపున.

తల, మెడ కణితుల విభాగం అని తలుపు మీద రాసి ఉంది. ఆ బోర్డు చదవగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయి. నేను వెనక నుంచి చిన్నగా తోశాను.

లోపల డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మేనకోడలి వయసు ఉంటుంది. మెడ రెండువైపులా వేళ్ళతో నొక్కి చూస్తుంటే, "లేదు కదమ్మా? మాకు తెలుసు" అన్నాను విసుగ్గా. ఆవిడ నవ్వి, "ఎప్పుడెప్పుడు వస్తుంది?" అని అడిగింది. మా ఆయన సిగ్గుపడుతూనే సంచిలోంచి కొలతల పుస్తకం తీశారు.

ఆవిడ ఆ పేజీ చూసింది. ఉదయం ఎనిమిది గంటలకి చెవి కింద నుంచి గడ్డం దాకా ఆరున్నర అంగుళాలు. మధ్యాహ్నం రెండింటికి ఏడు. సాయంత్రం ఐదింటికి ఆరున్నర. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ ఏడు. మూడు నెలలు, ఒక్కరోజు తప్పకుండా.

"రెండింటికీ, తొమ్మిదింటికీ ఎందుకు పెరుగుతోంది మాస్టారూ?"

"మెడ వంచి కుట్టి కుట్టి అలసిపోయి వాస్తుందనుకుంటానమ్మా."

"ఆదివారం కొట్టు తీస్తారా?"

"లేదమ్మా, సెలవు."

"మరి ఆదివారం రెండింటికి కూడా ఏడే ఉందేం?"

మా ఆయన ఆదివారాల లెక్కలు వేలితో వెతుక్కోసాగారు. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "రెండింటికి ముందు ఏం చేస్తారమ్మా ఈయన?" అంది.

"ఏం చేస్తారు, భోంచేస్తారు" అన్నాను.

"ఇవాళ ఏం తిన్నారు?"

"చుక్క నీళ్ళు ముట్టనివ్వలేదు డాక్టరమ్మా!" అన్నాను గొప్పగా.

"ఇంతకుముందు ఆస్పత్రులకి వెళ్ళినప్పుడు?"

"అప్పుడూ పరగడుపునే..." అంటూండగానే నా గొంతు సన్నబడింది. ఆవిడ కలం కింద పెట్టి పకపకా నవ్వింది. "ముందు వెళ్ళి ఈయనకి కడుపునిండా తినిపించండి. చివర్లో ఒక నిమ్మకాయ ముక్క చప్పరించమనండి. వాపు రాగానే పరుగెత్తుకు రండి" అంది.

కింద క్యాంటీన్‌లో ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన తింటుంటే నేను ఆయన దవడ వంక రెప్పవెయ్యకుండా చూస్తున్నాను. సగం పళ్ళెం ఖాళీ అయింది. నిమ్మముక్క నోట్లో పెట్టుకుని మొహం అష్టవంకర్లు తిప్పారు. దవడ కింద చర్మం మెల్లగా ఉబ్బింది.

"వచ్చింది! వచ్చిందండీ!" అని అరిచాను. పక్క బల్లవాళ్ళు ఎవరొచ్చారోనని గుమ్మం వైపు చూశారు.

లిఫ్టు దగ్గర జనం. మెట్ల మీదే ఆయన్ని లాక్కుంటూ పరుగెత్తాను. పైన గది ముందు పొడుగాటి వరస. "కాస్త తప్పుకోండి బాబూ, ఈయన గడ్డ తగ్గిపోతుంది!" అన్నాను రొప్పుతూ. ముందున్న ముసలాయన, "అందరం అవి తగ్గాలనే కదా తల్లీ వచ్చాం" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు గానీ, దారి ఇచ్చారు.

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని, ఒక వేలు ఆయన నాలుక కింద పెట్టి, రెండో చేత్తో దవడ కింద నొక్కింది. మెల్లగా వెనక నుంచి ముందుకి వేలు జరుపుతూ ఒకచోట ఆగింది. 

"దొరికింది" అంది. "దవడ కింద లాలాజలం ఊరే గ్రంథి ఉంటుంది. అక్కణ్ణుంచి నోట్లోకి వచ్చే గొట్టంలో రాయి అడ్డుపడింది. తిన్నప్పుడు లాలాజలం ఊరి, దారిలేక గ్రంథి ఉబ్బుతోంది. తర్వాత ఆ లాలాజలం నెమ్మదిగా జారిపోయి వాపు తగ్గుతోంది. కణితి అయితే మీరు తిన్నారా లేదా అని చూసుకుని రాదు మాస్టారూ. అయినా నా వేలి మాట ఒక్కటే నమ్మను, స్కాన్ తీయిద్దాం."

స్కాన్‌లో రాయి కనిపించింది. కణితి లేదు. రెండు రోజుల తర్వాత నోరు మొద్దుబార్చి, నాలుక కింద చిన్న గాటు పెట్టి తీసేశారు. చూస్తే బియ్యపు గింజంత. ఇదా మూడు నెలలు నా ప్రాణం తోడేసింది!

వారం పోయాక చూపించుకోవడానికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి తినిపించే తీసుకెళ్ళాను. దవడ నున్నగా ఉంది. "అంతా బాగుంది, ఇక రావక్కర్లేదు" అని పంపేసింది డాక్టరమ్మ. బయట బల్లమీద కూర్చున్నాం. మా ఆయన "ఒక మాట అడగనా?" అన్నారు.

"అడగండి."

"ఆ రెండో ఆస్పత్రి దాకా నాకు ఉత్త అనుమానమే. తర్వాత నువ్వు నన్ను తిట్టడం మానేశావు. తువ్వాలుకి తిట్టలేదు. సూది గుచ్చుకున్నా తిట్టలేదు, పైగా నవ్వావు. దాంతో నాకు ఖాయమైపోయింది. డాక్టర్లు నీకు చాటుగా ఏదో చెప్పేశారనుకున్నా. ఏం చెప్పారు?"

 ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈయన మనసు కుదుటపడాలని నేను నోరు కట్టుకుంటే, ఆ మంచితనమే ఈయన్ని లోలోపల తినేసిందన్నమాట. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. కొంగుతో తుడుచుకున్నాను. తుడుచుకుని మొదలుపెట్టాను.

"అసలు బుద్ధుందా మీకు? నోరు తెరిచి నన్నొక మాట అడగొచ్చుగా? పుస్తకంలో రాసుకుంటారా, నాకు చెప్పకుండా? కోటు కుట్టమని వచ్చిన మనిషిని వెళ్ళగొడతారా? ఎవరిని అడిగి వెళ్ళగొట్టారు?"

గది తలుపు తెరుచుకుని నర్సమ్మ తొంగిచూసింది. "అమ్మా, ఇది ఆస్పత్రి. కాస్త మెల్లగా" అంది.

"ఉండనీ తల్లీ, ఆపకు" అన్నారు మా ఆయన. "ఇంకా తువ్వాలు దాకా రాలేదు."

ఆవిడ నవ్వుకుంటూ తలుపు వేసేసుకుంది. మా ఆయన బల్లకి చేరబడి, కాళ్ళు చాపుకుని, నా వైపు తిరిగారు.

"ఊఁ, తర్వాత?" అన్నారు.