నాలుగంగుళాల మందం

పృథ్వీరాజ్ రోజూ పొద్దున్నే టీ తాగి, టేపు జేబులో పెట్టుకుని బయల్దేరేవాడు. శ్రీకాకుళం చుట్టుపక్కల కొత్తగా ఇళ్లు కట్టుకునేవాళ్లకి తోటలు వేసిపెట్టడం అతని పని. ఎక్కడ పచ్చగడ్డి రావాలి, ఎక్కడ మొక్కలు పెట్టాలి, రాళ్లు ఎంత పరవాలి, అన్నీ అతనే చూసి చెప్పేవాడు. మట్టీ రాళ్లూ తోలేది అతని బావ చినబాబు, సొంత ట్రాక్టరు మీద. అక్క ధనలక్ష్మి పెళ్లయిన నాటినుంచీ బావా బామ్మర్దులు కలిసే పనిచేసేవారు.

ఆ వేసవిలో ఎచ్చెర్లలో అనూరాధ గారి ఇంటి పని వచ్చింది. ఆవిడ యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. ఇంటి ముందు అరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పున జాగా ఉంది. అంతా గులకరాళ్లు పరిపించమన్నారు. మనుషులు నడవడానికి రెండంగుళాల మందం చాలని పృథ్వీరాజ్ లెక్క కట్టాడు. రెండు ట్రాక్టర్ల రాళ్లు సరిపోతాయి. తరవాత ఆవిడ, కారు కూడా లోపలికి వస్తుందన్నారు. కారు తిరిగే చోట నాలుగంగుళాలుండాలి. పనివాళ్లకి నాలుగని చెప్పాడు. బావకి మాత్రం పరాకున పాత లెక్కే చెప్పేశాడు.

పరుచుకుంటూ పోతే సగం జాగాలోనే రాళ్లు అయిపోయాయి. గృహప్రవేశానికి నెల కూడా లేదు. పనివాళ్లూ, ఇల్లు చూడటానికి వచ్చిన చుట్టాలూ, అనూరాధ గారూ అందరూ పృథ్వీరాజ్ మొహం కేసి చూశారు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలీదు.

"బావా, ట్రాలీలు సగం సగమే తెచ్చినావేటి? మిగతాది ఎక్కడ దింపీసినావు?"

ట్రాక్టరు పక్కన నిలబడ్డ చినబాబు హాస్యమనుకుని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఫోన్లో మళ్లీ లెక్క వేసుకుంటే పృథ్వీరాజ్‌కి సంగతి బోధపడింది. అన్నం వదిలేసి లేచాడు. వెంటనే వెళ్లి చెప్పేద్దామని చెప్పులు వేసుకున్నాడు కూడా. పదిమందిలో అన్న మాటని మళ్లీ ఆ పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి కదా అని తోచింది. చెప్పులు విప్పేశాడు.

ఈలోగా మాట పాకింది. ఇసుకా మట్టీ తోలించుకునేవాళ్లు చినబాబుని పిలవడం మానేశారు. ఒక సాయంత్రం ధనలక్ష్మి పనసకాయ కూర గిన్నెతో తమ్ముడింటికి వచ్చింది. మీ బావ రేపు పొద్దున్న బస్సుకి వైజాగ్ పోయి, అక్కణ్ణించి చెన్నై రైలెక్కుతాడని, అక్కడ కట్టడం పని ఏదో దొరికిందని చెప్పింది. తరవాత అతని చెయ్యి పట్టుకుంది.

"బుద్ధి తక్కువై సేసుంటాడురా. నా మొహం సూసి మరిసిపో."

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు పృథ్వీరాజ్. "అలాగేలే అక్కా" అన్నాడు, తనే పెద్దమనసుతో క్షమించినవాడిలా. అక్క కళ్లు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ కూర అతను ముట్టుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే అనూరాధ గారు ఫోన్ చేశారు. రాళ్లన్నీ గేటు దాటి వెళ్ళిపోయాయనీ, బస్టాండు వైపు పోతుంటే పాలవాడు చూశాడనీ చెప్పారు. వంశధార ఏటి గులకరాళ్లు అంతే. వాటిని తెచ్చిన మనిషి మనసు కష్టపెట్టుకుని ఊరొదిలితే అవీ వెంట పోతాయి. ఆవిడ అడిగిందల్లా, గృహప్రవేశం లోపు తిరిగొస్తాయా అని.

పృథ్వీరాజ్ బండి తీశాడు. రోడ్డు మీద ఆటోలు ఓ పక్కకి తప్పుకుని రాళ్లకి దారిచ్చాయి. గొర్రెలు తోలుకుపోతున్న ముసలమ్మ అవి దాటేదాకా నిలబడింది. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు చేసుకుంటూ పోయి, అవి వైజాగ్ బస్సు చక్రాల చుట్టూ పేరుకుపోయాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఎవరివో వారొచ్చి మాటాడుకుంటేగాని బండి కదలదు. బేగి కానీండి," అన్నాడు కండక్టరు.

చినబాబు కిటికీ పక్క సీట్లో అటు తిరిగి కూర్చున్నాడు. కింద ధనలక్ష్మి నిలబడింది. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. ఆ రోజు అనూరాధ గారి వాకిట్లో ఉన్నవాళ్లకంటే ఇక్కడే జనం ఎక్కువ. పృథ్వీరాజ్ రాళ్ల మధ్యకి నడిచాడు. చెవులు కాలిపోతున్నాయి.

"తప్పు నాది. నాలుగంగుళాలకి సెప్పాల్సిన లెక్క రెండంగుళాలకి సెప్పినాను. బావ ఒక్క రాయి తియ్యలేదు." అక్కడితో ఆపేద్దామనుకున్నాడు. రాళ్లు కదల్లేదు. "ఆ రోజు మజ్జాన్నమే నాకు తెలిసిపోయింది. తెలిసీ ఊరుకున్నాను."

చినబాబు ఇటు తిరిగాడు.

"నేను తియ్యలేదని నాకు తెలీదేట్రా? నాకెందుకు సెప్తావు? దానికి సెప్పు."

పృథ్వీరాజ్ అక్క వైపు తిరిగి, అక్కా అన్నాడు. ఆ పైన చెప్పక్కర్లేకపోయింది. ధనలక్ష్మి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలకేసి చూస్తోంది. తమ్ముడి మొహమూ చూడలేకపోతోంది, కిటికీ వైపూ తలెత్తలేకపోతోంది. చినబాబు ఆమెనే చాలాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, లేచి దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

రాళ్లు రోడ్డు వారకి జరిగాయి. బస్సు వెళ్ళిపోయింది.

కాసేపటికి చినబాబు భుజం తడుముకున్నాడు. సంచీ సీటు కిందే ఉండిపోయింది.

"అందులో పులిహోర కట్టీసినాను," అంది ధనలక్ష్మి, తల ఎత్తకుండానే.

"పోతే పోనీ. ఇంటికి పోయి గంజేదైనా తాగుదాం, రా."

ఇద్దరూ ఊరి దారి పట్టారు. రాళ్లు చినబాబు వెనకాలే బయల్దేరాయి. పృథ్వీరాజ్ బండి అక్కడే వదిలేసి, జనం చూస్తుండగా, తల దించుకుని రాళ్ల వెనకాల నడిచాడు.