మూతి వాచిన బొమ్మ

నేను ఒక బొమ్మను. అంతకుముందు దుప్పటిని. ఆ సంగతి పెద్దమనుషుల దగ్గర ఎత్తకండి. "కాన్వాసు ఎంత మెత్తగా ఉందో" అని వాళ్లు నన్ను తెగ మెచ్చుకున్నారు.

నన్ను వేసింది ఉద్దానంలో జీడిపప్పు ఒలిచే గవరమ్మ. అరవై దాటాక వయోజన కేంద్రంలో అక్షరాలు దిద్దింది. అక్షరమంటే గీతే కదా, గీతలు వచ్చాక బొమ్మ రాకేం అనుకుని, ఒక ఎండాకాలం మధ్యాహ్నం నన్ను మంచం మీంచి లాగి గోడకు మేకులు కొట్టింది. పసుపుతో జీడిపళ్లు వేసింది, చిక్కుడాకు రసంతో ఆకులు. కొమ్మకు తలకిందులుగా వేలాడే ఆరేళ్ల పిల్ల తనే. పచ్చి జీడిగింజ కొరికి మూతి బూరెలా వాచిన రోజది. అందుకే మొహంలో సగం మూతికే ఇచ్చేసింది. కింద కర్ర పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ "దిగవే" అంటున్నది వాళ్లమ్మ. ఆ మరుసటేడే ఆవిడ పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. గవరమ్మకు గుర్తున్న అమ్మ మొహం ఆ ఒక్క పూటదే.

అక్క పోలమ్మ వచ్చి నన్ను చాలాసేపు చూసింది. "అమ్మేనే!" అని కళ్లు తుడుచుకుని, వెంటనే తగువు పెట్టుకుంది. "కర్ర ఇంత సన్నంగా నేదే. దెబ్బలు తిన్నది నాను, నాకు తెల్దేటి?"

ఇంతలో పట్నంలో మహిళా సంఘం వాళ్లు వేసవి, బాల్యం, స్త్రీ అని బొమ్మల పోటీ పెట్టారు. కేంద్రం పంతులమ్మ నన్నూ, నాతోపాటు అక్కచెల్లెళ్లిద్దర్నీ తీసుకెళ్తానంది.

"అక్కడెట్టినవన్నీ కొనేస్తారటే," అని పోలమ్మ భయపెట్టింది.

గవరమ్మ గాభరాపడి, నోట్సులో కాగితం చింపి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పిన్నీసుతో నా మూలకు గుచ్చింది: నేను అమ్మను.

జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "నేను అమ్మను! ఆహా, ఏం పేరు! తలకిందులైన స్త్రీ జీవితం! వాచిన ఆ పెదవి పలకలేని మాట! కింద కర్ర పట్టుకున్నది సమాజం!"

"మా అమ్మండీ అది," అంది పోలమ్మ. ఎవరూ వినలేదు. నాకు మొదటి బహుమతి ఇచ్చారు.

తర్వాత ఒక హోటలాయన వచ్చి, "ఈ మాతృమూర్తి మా హాల్లోనే ఉండాలి," అంటూ నన్ను మేకు నుంచి తీసి చాపలా చుట్టడం మొదలుపెట్టాడు. గవరమ్మ పరిగెత్తుకొచ్చి కొంగు బిగించి అడ్డం నిలబడింది.

"బాబూ, నువ్వు చదువుకోనేదేటి?"

"ఎమ్మే చేశానమ్మా."

"అయితే ఆ చీటీ చదువు."

"నేను అమ్మను," అన్నాడు భక్తిగా.

"మరింకేటి?"

ఆయన మళ్లీ చదివాడు. ఈసారి మెల్లగా. "నేను... అమ్మను." మొహంలో భక్తి పోయింది. నన్ను విప్పి గవరమ్మ చేతుల్లో పెట్టాడు.

ఇప్పుడు మళ్లీ ఆ గోడకే ఉన్నాను. చీటీ తియ్యలేదు. జడ్జిగారు చదివిందీ తప్పేం కాదని నాకనిపిస్తుంది. నాలో ఉన్నది అమ్మే కదా. రోజూ మధ్యాహ్నం అక్కచెల్లెళ్లిద్దరూ నా ఎదుట కూర్చుని, కర్ర ఎంత లావుండేదో తేల్చుకోలేక పోట్లాడుకుంటారు. ఓడిపోయినప్పుడల్లా పోలమ్మది ఒకటే బెదిరింపు:

"ఉండవే, చలికాలం రానీ. దీన్ని పీకి కప్పుకుంటాను!"