తిరగబెట్టిన ముక్క

మా ల్యాబులో నన్ను కత్తక్క అంటారు. రోగుల ఒంటి ముక్కల్ని పొదిగిన మైనపు దిమ్మల్ని వెంట్రుకకన్నా సన్నని పొరలుగా కోసే కత్తి ఇరవై రెండేళ్లుగా నా చేతిలో ఉంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. నోటి వల్ల వచ్చిందని ఎక్కువమంది అంటారు. రెండూ నిజమే, నా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిదాన్ని, ఆ శుక్రవారం పొద్దున చెప్పాల్సిన మాట నా మీద నేనే చెప్పుకోవాల్సినది అయ్యేసరికి గుటకలు మింగాను.

సంగతేమిటంటే, ఇళ్లకు రంగులేసే ఒకాయనకు కడుపులో కణితి. సోమవారం దాన్ని తీసేద్దామని చిన్న గాట్లు పెట్టి లోపలికి చూసిన సర్జన్‌కు కాలేయం నిగారింపు లేకుండా గరుగ్గా కనిపించింది. ఎప్పటిదో పాత హెపటైటిస్ ఉందట. ఆయన కణితి జోలికి పోకుండా, కాలేయం అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి మాకు పంపి, కుట్లేసి బయటికొచ్చేశారు. ఆపరేషన్ మళ్లీ పెట్టాలా వద్దా అన్నది ఇక ఆ ముక్క తేల్చాలి.

అలాంటి ముక్కలో మా పెద్ద డాక్టరు రెండు అంకెలు వెతుకుతారు. గ్రేడ్ అంటే లోపల మంట ఇప్పుడెంత రగులుతోందో. స్టేజ్ అంటే ఆ మంట ఇన్నేళ్లలో ఎంత మచ్చ మిగిల్చిందో. సున్నా అంటే మచ్చ లేదు. నాలుగంటే కాలేయమంతా గట్టిపడి గడ్డలు కట్టిందని. నాలుగున్న మనిషి అంత పెద్ద ఆపరేషన్ తట్టుకోలేడు, కణితిని అలాగే వదిలేస్తారు, కొన్ని నెలల్లో అది మనిషిని తినేస్తుంది. బుధవారం పెద్దాయన సంతకం పెట్టిన రిపోర్టులో స్టేజ్ నాలుగు అని ఉంది.

శుక్రవారం పొద్దున దిమ్మల్ని పెట్టెల్లో సర్దుతూ ఆ రంగులాయన దిమ్మ చేతిలోకి తీసుకున్నాను. ముక్క బిళ్లలా చదునుగా పరుచుకుని ఉంది. వెలుతురుకు పెట్టి మళ్లీ చూశాను.

కాలేయం పైన తెల్లటి పలుచని తోలు ఉంటుంది. అంచు ముక్కను మైనంలో పెట్టేటప్పుడు పక్కకు నిలబెట్టాలి, అప్పుడే కోసిన ప్రతి పొరలో తోలు నుంచి లోతు దాకా అంతా కనిపిస్తుంది. నేను తోలు వైపు కిందికి పెట్టి పడుకోబెట్టేశాను. మైనం గట్టిపడ్డాక దిమ్మను తిరగేస్తాం కాబట్టి కింద పెట్టిందే కత్తికి మొదట తగులుతుంది. తోలేమో తొలి కోతల్లోనే చెత్తలోకి పోయింది, దాని కిందున్న భాగం మాత్రం స్లైడెక్కింది. తోలు కింద మచ్చలా కనిపించే పీచు ఎవరికైనా ఎక్కువే. పెద్దాయన తన ముందున్నది సరిగ్గానే చదివారు. తప్పుడుది ముందు పెట్టింది నేను.

ఆ ముక్క వచ్చిన రోజు, రాబోయే తనిఖీ కాగితాల గురించి పెద్దాయనతో ఒక రౌండు పోట్లాడి వచ్చి కూర్చున్నాను. చేతులు పని చేస్తుంటే బుర్ర ఇంకా ఆయనతో వాదిస్తోంది. సాకు చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

నేరుగా ఆయన గదికి వెళ్లాను.

"సార్, రంగులాయన ముక్క నేను తప్పుగా పెట్టాను. దిమ్మ కరిగించి, నిలబెట్టి మళ్లీ కోస్తాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రిపోర్టు వెళ్లిపోయిందమ్మా. సోమవారం తనిఖీవాళ్లొస్తున్నారు. ఈ నెల్లో ఇది మూడో సవరణ అవుతుంది."

"ఈ మధ్యాహ్నం మూడింటికి డాక్టర్ల మీటింగులో ఆయన సంగతి తేల్చేస్తారు సార్."

"తిప్పి కోసినా నాలుగే వస్తే?"

"వస్తే నాలుగని రాయండి. ఇప్పుడు రాసింది ఆయన జబ్బు కాదు, నా పొరపాటు."

"ఇన్నేళ్లు నీ చెయ్యి నమ్మి కళ్లు మూసుకుని సంతకం పెట్టాను" అన్నారు. ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. "ఇప్పుడు ఆ దిమ్మ ముట్టుకోకు. సోమవారం పోనీ, చూద్దాం."

సోమవారం పోయాక చూసేదేముంది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా.

బయటికొస్తే రిపోర్టుల కిటికీ దగ్గర రంగులాయన భార్య నిలబడి ఉంది. మూడు రోజులుగా వార్డుకూ ఆ కిటికీకీ తిరుగుతోంది. కళ్లు ఉబ్బిపోయాయి గానీ నోరు మాత్రం నాకు తీసిపోదు.

"అక్కా, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టమంటున్నారు. ఆయనకు ఇష్టమైనవి నా తిట్లొక్కటే. అవి పెళ్లయిన దగ్గర్నుంచీ పెడుతూనే ఉన్నా."

నవ్వబోయి ఏడ్చేసింది.

"సాయంత్రం దాకా ఎక్కడికీ వెళ్లకు" అన్నాను.

"ఎందుకు?"

"వెళ్లకన్నానా."

సంతకమైన కేసు దిమ్మను అనుమతి లేకుండా కరిగిస్తే ఉద్యోగం పోవచ్చు. పోతే పోయింది. మనిషిని పోగొట్టి ఉద్యోగం నిలబెట్టుకున్నానని ఏ ముఖం పెట్టుకుని అద్దం చూసుకుంటాను? దిమ్మ కరిగించాను. మిగిలిన ముక్కను చిన్న పట్టకారుతో ఎత్తి నిలబెట్టాను. చల్లారాక కత్తికి ఎక్కించాను. భయమేసింది, నిజం చెబుతున్నా. ఒక్క కోత అడ్డదిడ్డంగా పోయిందంటే ఉన్నది కూడా పోతుంది, మళ్లీ తిప్పడానికి ఏమీ ఉండదు. ఊపిరి బిగబట్టి నాలుగు పొరలు తీశాను. మచ్చ ఉన్నచోట నీలంగా కనిపించే రంగులో వాటిని ముంచాను. అన్నీ అయ్యేసరికి మూడుకు పది నిమిషాలు.

మీటింగు గదిలోకి మాలాంటివాళ్లు వెళ్లరు. వెళ్లాను. బల్ల చుట్టూ ఆరుగురు డాక్టర్లు, చివర్లో మా పెద్దాయన.

"నిన్నెవరు రమ్మన్నారు?" అన్నారాయన.

"ఎవరూ రమ్మనలేదు సార్. ముక్క తప్పుగా పెట్టింది నేను. ఇది సరిగ్గా పెట్టి కోసినది. ముందు దీన్ని చూడండి, తర్వాత నన్ను చూడండి."

స్లైడు ఆయన ముందు పెట్టాను. ఆయన ముఖం ఎర్రబడింది. తీసి అవతల పడేస్తారనుకున్నాను. కానీ ఇరవై రెండేళ్లలో ఆయన ముందు పెట్టిన స్లైడును చూడకుండా వదలడం నేనెరగను. మైక్రోస్కోపు కింద పెట్టారు. పక్కనున్న పెద్ద తెర మీద అది అందరికీ కనిపించింది. పైన తోలు పోయిన అంచు, దాని వెంట దట్టంగా నీలం. లోతుకు పోయేకొద్దీ నీలం పలచబడి, అక్కడక్కడా పోగుల్లా మాత్రమే మిగిలింది. గడ్డ ఒక్కటీ లేదు.

ఆయన స్లైడును ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపి చూశారు.

"స్టేజ్ రెండు" అన్నారు. "గ్రేడ్ కూడా రెండే. బుధవారం నేనిచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను."

"అయితే వచ్చే గురువారం కణితి తీసేస్తాను" అన్నారు సర్జన్.

ఆ మాట విని బయటికొచ్చేశాను.

వరండాలో పెద్దాయన నన్నాపారు. "సోమవారం నుంచి నువ్వు గాజుసామాను కడిగే గదిలో ఉంటావు, విచారణ అయ్యేదాకా. అనుమతి లేకుండా దిమ్మ కరిగించావు, నేను చూసీచూడనట్టు ఊరుకోలేను."

"సరే సార్."

"ఇంకోమాట. పొరపాటు సంగతి ఆ రంగులాయనవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండోసారి చూస్తే మెరుగ్గా కనిపించిందని నేను చెబుతాను."

"ఆ లివరు వాళ్లది సార్. చెప్పాలి" అని నడిచాను.

కిటికీ దగ్గర ఆమెకు అంతా చెప్పాను. స్టేజ్ రెండని, గురువారం ఆపరేషనని, నాలుగు రావడానికి కారణం నేనేనని.

"రెండు రోజులు" అంది. "బతికున్న మనిషి పక్కన కూచుని రెండు రోజులు ఏడ్చాను. ఆయనేమో బ్రష్షులన్నీ కడిగి మా మరిదికిచ్చేయమన్నాడు, ఇక నాకెందుకని."

"అవును. నా వల్లే."

"నిన్ను కొట్టాలనుంది."

"కొట్టు."

కొట్టలేదు. ముక్కు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "గురువారం ఆ కణితి తీస్తారు కదా. అదీ ఇక్కడికే వస్తుందా?"

"వస్తుంది."

"దాన్ని నువ్వే కొయ్యాలి."

"నన్ను ఆ బల్ల మీంచి తీసేశారు. సోమవారం నుంచి గాజుసామాను కడుగుతాను."

"ఎవరు తీసింది?"

పెద్దాయన తలుపు చూపించాను. ఆమె చేతిసంచి చంకలో ఇరికించుకుని వెళ్లింది. తట్టలేదు, తోసింది. వరండా అంతా వినిపించేలా ఆమె గొంతు మోగింది.

"నమస్కారం డాక్టరుగారూ, రంగులాయన పెళ్లాన్ని. తప్పు చేస్తే నేనే చేశానని మొహం మీద చెప్పే మనిషి మీ దగ్గర ఇంకొకరున్నారా? ఉంటే చూపించండి, మా ఆయన కణితి వాళ్ల చేతికిస్తాను. లేకపోతే ఆవిడ కత్తి ఆవిడకిచ్చేయండి."