పేరమ్మ ఓటు

నేను ఒక ఇనప పెట్టెను. బట్టలూ నగలూ దాచుకునే పెట్టెను కాదు. నా నెత్తిన సన్నటి చీలిక ఉంటుంది. అందులోంచి మడత పెట్టిన కాగితాలు లోపలికి పడతాయి. బ్యాలెట్ పెట్టె అంటారు నన్ను.

రేకు వంచి, అతికి, ఆకుపచ్చ రంగు పూసి నన్ను తయారుచేసినప్పుడు రాజ్యాలు మార్చేదాన్నని మురిసిపోయాను. తర్వాత మీటలు నొక్కే యంత్రాలొచ్చాయి. పెద్ద ఎన్నికలు వాటికిచ్చి, పంచాయతీ ఎన్నికలు నాకు వదిలారు. ఎన్నికలు లేని రోజుల్లో మండలాఫీసు అటెండరు నా మీదే టిఫిన్ క్యారియర్ పెట్టుకుని అన్నం తినేవాడు. అది కూడా గౌరవమే అనుకున్నాను.

నన్ను గుండ్లవాగుకు తీసుకెళ్ళిన సంవత్సరం సంగతి చెబుతాను. ఆ ఊళ్ళో మనిషి ఎవరికి ఓటేస్తాడో తెలుసుకోవడానికి లెక్కింపు దాకా ఆగక్కర్లేదు, ఇల్లు ఏ వీధిలో ఉందో అడిగితే చాలు. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకొకటి. ఈ వీధివాళ్ళు ఆ వీధి కొట్టులో టీ కూడా తాగరు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీలు లేవని చట్టం అంటుంది. పాపం చట్టానికి గుండ్లవాగు తెలియదు.

పేరమ్మ పెద్దకొడుకు మాలకొండయ్య పైవీధిలో ఇల్లు కట్టుకున్నాడు. చిన్నవాడు సింగరయ్య పెళ్ళయ్యాక కిందివీధిలో అత్తగారింటి పక్కన చేరాడు. వీధితోపాటు పార్టీ వచ్చింది. పేరమ్మ మాత్రం నెలకొక కొడుకు దగ్గర వంతుకు ఉండేది. మంచం అటు నెలా ఇటు నెలా మోసుకుపోయేవాళ్ళు. అన్నదమ్ములు మాట్లాడుకునేది ఆ మంచం చేతులు మారినప్పుడే.

రెండు వీధులకూ కలిపి ఒకటే వార్డు. అది ఆడవాళ్ళకు కేటాయించారు. పెద్దకోడలు వజ్రమ్మ గ్యాసుపొయ్యి గుర్తు మీద, చిన్నకోడలు సులోచన స్టూలు గుర్తు మీద నిలబడ్డారు. ఇద్దరూ అత్తకు బొట్టు పెట్టి, కొంగు చాచి ఓటడిగారు. బొట్టు పెట్టి అడిగితే లేదనకూడదని ఆ ఊరి మర్యాద. పేరమ్మ ఇద్దరికీ మాటిచ్చింది.

పోలింగు రోజు బడిలో నన్ను బల్ల మీద పెట్టారు. కొడుకులిద్దరూ ఏజెంట్లుగా ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నారు. వరసలో ఎవరో వేళాకోళమాడారు.

"ఏం పేరమ్మత్తా, ఏ కోడలి కూర రుచిగా ఉంది ఈసారి?"

"రెండిళ్ళ ఉప్పూ తింటున్నానే తల్లీ. ఒకదానికి వంక పెడితే నాలిక పడిపోద్ది."

అందరూ నవ్వారు. అట్ట అడ్డం వెనక్కి వెళ్ళి, ముద్ర వేసి, వచ్చి కాగితం నాలోకి జారవిడిచింది. చంటిపిల్ల చేతిలో బెల్లంముక్క పెట్టినంత జాగ్రత్తగా.

మధ్యాహ్నం లెక్కింపు. ఒక కాగితం మీద పొయ్యికీ ముద్ర ఉంది, స్టూలుకీ ముద్ర ఉంది. చెల్లదన్నాడు అధికారి. "ఎవరో తెలివిగలోళ్ళు!" అని ఏజెంట్లు నవ్వారు. చివరికి తోడికోడళ్ళకు ఓట్లు సమానంగా వచ్చాయి. చీటీ తీస్తే సులోచన గెలిచింది.

మాలకొండయ్య బల్ల గుద్దాడు. సింగరయ్య తొడ చరిచాడు. చొక్కాలు పట్టుకునేదాకా వచ్చేసరికి వసారాలో కూర్చున్న పేరమ్మ పరుగున లోపలికొచ్చింది.

"కొట్టుకోమాకండ్రా. నా ఓటు మీ ఇద్దరికీ ఏశా. చెరొకటి. అందుకే సమానంగా వచ్చినయ్!"

ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు ఆరిపోవడం కూడా నేను చూశాను.

"అయితే ఆ చెల్లని ఓటు నీదా?" అన్నాడు మాలకొండయ్య. "నేను ఓడిపోయింది నీ చేతిలోనా అమ్మా? ఇంక నా గడపకు వంతు లేదు. మంచం పంపియ్యమాక."

పేరమ్మ చిన్నవాడి వైపు తిరిగింది.

"నాకేసి ఉంటే చీటీతో పన్లేకుండా గెలిచేవాణ్ణి గదా," అన్నాడు సింగరయ్య. "ఆడికి కూడా ఏశానంటివి. ఆడినే అడుగు కూడు."

ఐదేళ్ళ తర్వాత మళ్ళీ గుండ్లవాగుకు వెళ్ళాను. వరసలో ఆడవాళ్ళ మాటలవల్ల తెలిసింది, పేరమ్మ ఎవరిదో గొడ్లపాకలో విడిగా వండుకుంటోందని. ఈసారి కూడా వజ్రమ్మ, సులోచనే పోటీ. కొడుకులు అవే బెంచీల మీద కూర్చున్నారు. పేరమ్మ వచ్చినప్పుడు వేళాకోళాలేమీ వినపడలేదు. ఆమె ఎవరివైపూ చూడకుండా అట్ట వెనక్కి వెళ్ళి, వెంటనే వచ్చింది. కాగితం నాలోకి పడింది.

దాని మీద ఏ ముద్రా లేదు. వేళ్ళ చెమట మాత్రం ఉంది.

ఇప్పుడు నేను మండలాఫీసు వెనకగదిలో, మూత సరిగా పట్టక, పాతసామాన్ల మధ్య వేలంపాట కోసం ఎదురుచూస్తున్నాను. నాలో పడిన కాగితాలు ఎన్నని చెప్పను! అన్నీ మరిచిపోయాను గాని, ఆ రోజు లెక్కింపు మరపురాదు. అధికారి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఖాళీ" అన్నాడు. కొత్త ఏజెంటొకడు పకపకా నవ్వాడు. అన్నదమ్ములు నవ్వలేదు. ఐదేళ్ళలో మొదటిసారి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరైనా ఒక్కమాట అంటారని నేను ఎదురుచూశాను.

మాలకొండయ్యే ముందు తల దించుకున్నాడు.

"తర్వాతది తియ్యండి సారూ," అన్నాడు.