బాలింత గుడిసె మీది టార్పాలిన్

గుడిసె మీది టార్పాలిన్ లాగేసినప్పుడు లోపల బాలింత ఉంది. పక్కలో వారం తిరగని పసిగుడ్డు. లాగింది పరాయివాడు కాదు, ఆమె సొంత మేనమామ.

మా ఇటుకల ఫ్యాక్టరీలో అతను స్టాకు మేస్త్రి. బొగ్గుపొడి, ఊక, బూడిద, మట్టి ఏది ఎక్కడ పొయ్యాలో, దేన్ని ఎలా కాపాడాలో చూసుకోవడం అతని పని. ఆరబెట్టి, పొడిచేసి, బూడిద కలిపిన మట్టి ఆరుబయట కొండలా ఉంటుంది. తడిస్తే బురదే. దానికి షెడ్డు వెయ్యమని మేస్త్రి ఏళ్ళుగా అడుగుతున్నాడు. యజమాని వెయ్యలేదు. ఎందుకు వేస్తాడు? మా గుడిసెలున్నాయిగా! మబ్బు పట్టగానే మా కప్పులు ఊడదీసి మట్టికి కప్పడం, వాన వెలిశాక తెచ్చుకోవడం మాకు అలవాటు చేశాడు. అలవాటైన అన్యాయం అన్యాయంలా కనిపించదు.

ఆ మధ్యాహ్నమూ అంతే. ఉరమగానే ఆడా మగా పరిగెత్తాం. తాళ్ళు విప్పాం, లాగాం, మట్టికి కప్పాం, అంచుల మీద ఇటుకలు పేర్చాం. తను ఎవరి గుడిసె తాడు విప్పుతున్నాడో మేస్త్రి చూసుకోనే లేదు.

వాన దంచడం మొదలయ్యాక వినిపించింది పసిగుడ్డు ఏడుపు. వెనకే బాలింత అత్త, కొంగు నెత్తిన వేసుకుని పరుగున వచ్చింది.

"అన్నయ్యా! మట్టి తడిస్తే నీ గుండె ఆగిపోతుంది. మేనకోడలు తడుస్తుంటే చల్లగా ఉందా?"

మేస్త్రి గుడిసెల వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"తీసెయ్యండి," అన్నాడు.

"ఎవడ్రా తీసేది?" గొడుగు కింద నుంచి సూపర్‌వైజర్ అరిచాడు. "టార్పాలిన్లు కంపెనీవి!"

"మరి గుడిసెలు?" అంది అత్త.

"అవీ కంపెనీవే!"

"ఈ వాన కూడా కంపెనీదేనా నాయనా? అయితే కాస్త ఆపించు!"

గుంపంతా నవ్వింది. ఆ నవ్వుకి సూపర్‌వైజర్ గొంతు తగ్గింది. "సరే, బాలింతకి ఒక్కటి తీసుకోండి. మిగతావి ముట్టుకోవద్దు."

"ఒక్కటి చాల్లే, మేస్త్రీ," అన్నాడు బట్టీ కాల్చే ముసలాయన. "మట్టి బురదైతే రేపు పనెక్కడిది? ఏం తింటాం?"

"ఇవాళ ఒక్కటి దానం పుచ్చుకుంటే రేపు ఇంకో బాలింత అడుక్కోవాలి, బాబాయ్!" అన్నాడు మేస్త్రి. " మన కప్పులు వాడి మట్టి మీద ఉన్నంతకాలం వాడు షెడ్డు వెయ్యడు."

ముసలాయన అంచు మీది ఇటుకని కాలితో తన్నాడు.

అంతే. పది చేతులు, వంద చేతులు! టార్పాలిన్లన్నీ లేచిపోయాయి. వాన సూటిగా మట్టి మీద పడింది. గుట్ట బీటలిచ్చి, జారి, ఎర్రటి బురదై ఇటుకలు పోసే మిషను దాకా పారింది. కన్నబిడ్డలా చూసుకున్న ఆ మట్టి వైపు మేస్త్రి తిరిగి కూడా చూడలేదు. మేనకోడలి గుడిసెకి తాడు బిగిస్తున్నాడు.

సూపర్‌వైజర్ ఫోన్ చేసినట్టున్నాడు, పోలీసు జీపు వచ్చింది. వెనకే కారులో యజమాని.

"వీడే! నా మట్టంతా నాశనం చేశాడు!"

"నీ మట్టిని తడిపింది వాన," అన్నాడు మేస్త్రి. "ఇన్నాళ్ళూ దాని బదులు తడిసింది మా పిల్లలు."

అతన్ని జీపులోకి తోశారు. యజమాని మా వైపు తిరిగాడు. "చూస్తారేం? పారలు తీసి బురద ఎత్తండి!"

ఒక్క చెయ్యి కూడా పార మీద పడలేదు.

బాలింత బిడ్డని గుండెకి అదుముకుని బయటికి వచ్చింది. "పడుకోవే తల్లీ," అంది అత్త. "మామయ్యని అలా పంపించి నాకు నిద్రెక్కడ పడుతుందత్తయ్యా?" అంటూ నడిచింది. నలుగురు ఆడవాళ్ళు ఒక టార్పాలిన్‌ని నాలుగు మూలలా పట్టి ఆమె నెత్తిన ఎత్తారు. వాళ్ళ వెనక మేమంతా. యజమాని ఒక్కడే బురదలో మిగిలాడు.

గుంటల రోడ్డులో జీపు మెల్లగా పోతోంది. ఇన్‌స్పెక్టర్ తల బయటపెట్టాడు.

"ఇంతమంది ఎక్కడికమ్మా?"

"మీ స్టేషనుకే బాబూ," అంది అత్త. "దానికి గట్టి కప్పుందిగా. మట్టికి షెడ్డు వేసేదాకా మేమంతా అక్కడే ఉంటాం!"