గిన్నె మీద పేరు

మనిషి మెట్టెక్కుతుండగానే కొనేవాడో, ఊరికే బేరమాడి పోయేవాడో విఘ్నేశ్వర్ చెప్పేస్తాడు. లక్డారంలో కిరాణా నడపాలంటే ఆ మాత్రం లెక్క తెలియాలి. అలాంటివాడు లాభం చూసుకోకుండా చేసే పని ఒక్కటే. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక వెనక గదిలో కూర్చుని, అరచేతంత చెక్కముక్కల మీద ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తాడు. ఉల్లిగడ్డ, బెల్లం ముక్క, పగిలిన చాయ్ కప్పు. అమ్మడు, ఎవరికీ చూపడు.

ఆ ఊరి మొగులమ్మ నూనె కోసం తెచ్చిన స్టీలు గిన్నె, సరుకు రాక దుకాణంలోనే ఉండిపోయింది. దాని పక్కన కోసిన నిమ్మకాయ, ఒక కోడిగుడ్డు పెట్టి వేయడం మొదలుపెట్టాడు. గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా ఆమె భర్త పేరు కొట్టించి ఉంది: సంగయ్య. ఆ చుక్కల్లో వెలుగు ముచ్చటగా నిలిచింది. సన్న కుంచెతో ఒక్క చుక్క వదలకుండా దించాడు. తన చేతి సరుకు చూసి మురిశాడు గానీ, దాన్ని చూసే కళ్ల సంగతి లెక్కేసుకోలేదు.

ఆ మర్నాడే సంగయ్య పని చేసే ఫ్యాక్టరీలో కూలిపడ్డాడు. ఆస్పత్రిలో చేర్చినా కళ్లు తెరవలేదు. ఆస్పత్రికి కావాలని కంగారులో గిన్నె కోసం వచ్చిన మొగులమ్మ, దుకాణంలో ఎవరూ లేకపోతే వెనక గది తెర తీసింది. నిమ్మకాయ, గుడ్డు, చెక్క మీద మొగుడి పేరు. వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

సేటు సంగయ్యకు చేతబడి చేశాడని, బాణామతి అన్న మాట ఆమెకంటే ముందు ఊరు తిరిగింది. సంగయ్య తమ్ముడు వీర్రాజు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. విఘ్నేశ్వర్‌ను గల్లా దగ్గర నుంచి ఈడ్చుకెళ్లి వెనక గదిలో నేలకేసి కొట్టారు. కడుపులో తన్నిన తన్నుకు పక్కటెముక విరిగింది. అడ్డం వచ్చిన భార్య త్రివేణిని జుట్టు పట్టి గోడకు గుద్దారు.

"మా అన్న నీకేం జేసిండు సేటూ?"

"అది బొమ్మరా. ఉత్త బొమ్మ."

"బొమ్మల మా అన్న పేరెందుకు?"

"గిన్నె మీద ఉన్నది. ఉన్నదే ఏసిన."

"నిమ్మకాయ పులిహోరకు కోసినవా మరి?" అన్నాడొకడు. ఇద్దరు నవ్వారు.

వీర్రాజు జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. పళ్లు ఊడితే మంత్రం పలకదని అక్కడివాళ్ల నమ్మకం. ఇద్దరు దవడలు విప్పి పట్టుకున్నారు. ముందు పన్ను పట్టి మెలిపెట్టి లాగాడు. నొప్పికంటే ముందు చప్పుడు తెలిసింది. నెత్తురు గుడ్డు మీద చిందింది.

"జేసింది తీస్తవా, ఇంకోటి పీకాల్నా?"

విఘ్నేశ్వర్ నెత్తురు మింగుతూ లెక్క చూసుకున్నాడు. నిజం చెబితే ఇక్కడ కొనేవాడు లేడు. ఒప్పుకుంటే నోరు దక్కుతుంది. ఆ తర్వాత సంగయ్య చస్తే తన ప్రాణం దక్కదు. ఇనుము రెండో పన్నుకు తగిలింది. చెయ్యెత్తాడు.

రంగు గీకే కత్తి అందుకున్నాడు. బొమ్మ ఇంకా తడిగానే ఉంది. ఒక్క గీకుకు సంగయ్య పేరు బూడిదరంగు ముద్దయి కత్తికి అంటుకుంది.

వీర్రాజు ఆస్పత్రిలో ఉన్న వదినకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "డాక్టరు సూదేసిండు. ఇప్పుడే కండ్లు తెరిసిండు," అంది మొగులమ్మ. సూది మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పట్టుకున్న చేతులు వదిలేశాయి. ప్లేయర్ వేళ్లలో ఉండగానే వీర్రాజు దండం పెట్టాడు.

"తప్పయింది సేటూ. మనసుల పెట్టుకోకు."

కేసు పెడితే సాక్షి దొరకడు. ఊరుకుంటే, ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా వీళ్లు మళ్లీ వస్తారు. వాళ్ల కళ్లలో ఉన్న భయం తప్ప విఘ్నేశ్వర్ చేతిలో ఏ సరుకూ మిగల్లేదు. అతను సన్న కుంచె తీసి నల్లరంగులో ముంచి, పేరు గీకేసిన చోటుకు తెచ్చాడు.

"వద్దయ్యా," అంది త్రివేణి.

"వీర్రాజూ, నీ పూర్తి పేరేంది? ఇంటిపేరు తోని చెప్పు." ఊడిన పంటి సందులోంచి మాటతోపాటు గాలి పోయింది.

వీర్రాజు గడప తన్నుకుని బియ్యం బస్తాల మీద పడ్డాడు. లేచి, చెప్పులు వదిలేసి ఉరికాడు. మిగతావాళ్లు అతనికంటే ముందున్నారు.

"గింత పని జేసినవ్," అంది త్రివేణి గోడకు ఆనుకుని. "రేపటి సంది మన దుకాణానికి ఎవడొస్తడు?"

"రానీకి భయపడ్తరు. కొట్టనీకి గూడ."

పక్కటెముక పట్టుకుని వంగి, నేల మీద పన్ను వెతుక్కున్నాడు.